గోడంత అల

బోర్డుల షెడ్డు, సముద్రం ఒడ్డు
సోమవారం పొద్దున్న

కోడలు పిల్లా,

ఉత్తరం ఇంటికి రాకుండా నీ ఈతకొలనుకి ఎందుకొచ్చిందా అని బుర్ర గోక్కోకు. ఫోన్ చేస్తే మీ ఆయన స్పీకర్ పెడతాడు. పెట్టి, నీ బదులూ నా బదులూ తనే మాట్లాడేస్తాడు. నా కడుపున పుట్టినవాడే, కాదనను, కానీ వాడి కంగారులో నేను ఒక్క ముక్క సరిగ్గా చెప్పలేను. అందుకే నీకు రాస్తున్నా. చదివి దాచెయ్.

ఈ బొమ్మలు వేసే పనికి వచ్చి మూడు వారాలైంది. షెడ్డు వెనక గది ఇచ్చారు. కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే రెజిన్ వాసన. రెజిన్ అంటే బోర్డు మీద పోసే జిగురులే, ఆరాక గాజులా గట్టిపడుతుంది. ఈ బోర్డుల మీద నిలబడి అలల మీద జారడమే ఇక్కడివాళ్ళకి లోకం. ఆఫీసుకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి నీళ్ళలో పడతారు. షెడ్డు నడిపే ఆవిడ తన చేత్తోనే బోర్డులు చెక్కుతుంది. అందరూ మేస్త్రమ్మ అంటారు. నోట్లోంచి మాట రాలాలంటే గగనం. ఊరికే చూస్తుంది.

మొదటి వారమే నా పరువు పోయింది, విను. ఒక పళ్ళ డాక్టరు తన కొత్త బోర్డు మీద మీ ఇష్టమొచ్చింది వెయ్యండమ్మా అన్నాడు. పన్నెండేళ్ళ తర్వాత చేతిలో కుంచె! ఐదు రోజులు తిండీ తిప్పలూ మరిచి తాబేలుని వేశా. డిప్ప మీద ఒక్కో పెంకుకీ మూడు రంగులు. ఆయన వచ్చి, చూసి, మురిసిపోయి, జేబులోంచి మైనం ముద్ద తీసి దాని మీద బరబరా రుద్దడం మొదలెట్టాడు! నేను కేక పెట్టా. పైన మైనం రుద్దకపోతే కాలు జారుతుందట, బొమ్మలు కింది వైపు వేస్తారట. ఆ సంగతి నాకెవరు చెప్పారు? షెడ్డంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. డాక్టరు మాత్రం నవ్వలేదు పాపం. తాబేలు మొహం ఒక్కటీ మైనం అంటకుండా వదిలేశాడు.

అసలు సంగతి ఇది. షెడ్డుకి సముద్రం వైపు గోడ ఉంది, నలభై అడుగుల పొడవు, పదకొండు ఎత్తు. రెండున్నర నెలల్లో ఇక్కడ పోటీలు. ఆలోగా ఆ గోడ మీద "మా అల" కావాలంది మేస్త్రమ్మ. కుదిరితే షెడ్డుకి పెయింటర్ని నేనే, ఎప్పటికీ. కుదరకపోతే సున్నం కొట్టించి ఫ్లెక్సు కట్టిస్తుందట.

ఫ్లెక్సు! ముప్పై ఏళ్ళు ఊళ్ళో దుకాణాల బోర్డులన్నీ నా చేతి అక్షరాలే. ఆ ఫ్లెక్సు వచ్చాకే కదా నా కుంచెలు అటకెక్కింది. మీ ఇంట్లో నాకేదో తక్కువైందని కాదు, ఇద్దరూ కళ్ళల్లో పెట్టుకుని చూశారు. కానీ అమ్మాయ్, అమ్మా అన్నారు, అత్తయ్యా అన్నారు, ఆంటీ అన్నారు, పెయింటరమ్మా అని పిలిచినవాళ్ళు లేరు. నాకా గోడ కావాలి.

మీ అత్తయ్య


ఈతకొలను, టికెట్ల గది
శుక్రవారం

అత్తయ్యా,

తాబేలు సంగతి చదివి ఎంత నవ్వానంటే, టికెట్లు ఇచ్చే ఆవిడ వచ్చి నా వీపు నిమిరింది, ఏడుస్తున్నాననుకుని.

ఇక్కడేం విశేషాలు లేవు. పొద్దున ఆరింటికి చిన్నపిల్లల బ్యాచ్, ఏడింటికి వాళ్ళని నీళ్ళలోంచి బయటికి లాగలేక నా తల ప్రాణం తోకకి రావడం, సాయంత్రం పెద్దవాళ్ళ బ్యాచ్. పెద్దవాళ్ళు మెట్టు పట్టుకుని వదలరు. మీ అబ్బాయి రోజుకి రెండుసార్లు అడుగుతున్నారు, అమ్మ చెవులకి మఫ్లర్ కట్టుకుంటోందా అని. కట్టుకుంటున్నారనే చెబుతున్నా. అబద్ధమైతే ఇప్పుడైనా కట్టుకోండి, నా మాట నిలబడుతుంది.

మీ గదిలో మంచం అలాగే ఉంచాను. దాని మీద బట్టలు మడతపెట్టనిస్తారా మీ అబ్బాయి? నిన్న ఒక తువ్వాలు వేశానని పెద్ద గొడవ.

అల బొమ్మ మీకొక లెక్కా? పదకొండు అడుగుల సినిమా మొహాలు నిచ్చెనెక్కి గీసినవాళ్ళు మీరు. నాకు ఫోటో మాత్రం పంపకండి, ఆయన చూస్తారు. పూర్తయ్యాక నేనే వచ్చి చూస్తా.

మీ కోడలు


షెడ్డు
మంగళవారం, మధ్యాహ్నం టీ వేళ

కోడలా,

ఒళ్ళు మండిపోతోంది. వరసగా చెబుతా.

మొదటి అల వేశాను. కేలెండర్లలో ఉంటుందే, అంచు మొత్తం చుట్ట చుట్టుకుని, కింద నురగ, పైన సూర్యుడు, రెండు పక్షులు. బోర్డులు చంకలో పెట్టుకుని వచ్చి అందరూ వరసగా నిలబడ్డారు. డాక్టరే నోరు విప్పాడు: "చాలా బావుందమ్మా. కానీ దీన్నెక్కితే చస్తాం." అల ఒక్కసారిగా మొత్తం కూలితే మనిషి పోవడానికి దారుండదట. మంచి అల ఒక చివర మొదలై పక్కకి విరుగుతూ పోతుంది, దాని ముందు నున్నటి వాలు మిగులుతుంది, ఆ వాలు మీదే వీళ్ళు జారేది. సరే, న్యాయమే. సూర్యుణ్ణీ పక్షుల్నీ ఉంచి అల తుడిచేశా.

"మా అల కుడివైపుకి విరుగుతుంది" అన్నారు. ఆరు రోజులు కూర్చుని కుడివైపుకి విరిచా. మళ్ళీ వచ్చి నిలబడ్డారు. ఒకడు ఫక్కుమన్నాడు. వీళ్ళ కుడి అంటే నీళ్ళలో ఉండి ఒడ్డు వైపు మొహం పెట్టినప్పుడు కుడి! ఒడ్డున నిలబడ్డ నాకది ఎడమ! "ఇది పక్క ఊరి అల పెయింటరమ్మా" అన్నాడు డాక్టరు. పెయింటరమ్మా అన్నాడు కాబట్టి బతికిపోయాడు.

మూడోది ఎడమకి తిప్పి వేశా. అన్నీ కుదిరాయి. వాలు ఉంది, దారి ఉంది, విరిగే తీరు ఉంది. కుర్రకారు చప్పట్లు కూడా కొట్టారు. మేస్త్రమ్మ వచ్చి చాలాసేపు చూసి, "ఒడ్డున నిలబడి చూసిన అల ఇది. ఒకసారి నీళ్ళలోకి రండి" అనేసి చెక్కుడు పనికి వెళ్ళిపోయింది.

నేను! చీలమండ దాటి నీళ్ళలో దిగని మనిషిని! యాభై ఏడేళ్ళొచ్చాక ఇప్పుడు ఈతా? రాత్రంతా కోపంగా పడుకున్నా. పొద్దున్న లేచి గోడ చూశా. ఆవిడ చెప్పింది నిజమే, అదే నాకు ఎక్కడో కాలింది.

కాబట్టి నువ్వు నాకు నేర్పు. ఉత్తరాల్లోనే. ఇన్ని వందల మందికి నేర్పావు, నన్ను నీళ్ళ మీద తేల్చలేవా? మావాడికి ఈ విషయం పొక్కిందో, నీకూ నాకూ చెడుతుంది.

అత్తయ్య


ఈతకొలను
గురువారం

అత్తయ్యా,

చెప్పను. చెబితే రేపటికల్లా మూడు లైఫ్ జాకెట్లు కొరియర్లో దిగుతాయి, ఒకటి చిరిగితే ఇంకోటి అని.

మొదటి పాఠానికి సముద్రం అక్కర్లేదు. ఒక బేసిన్ నిండా నీళ్ళు పెట్టుకోండి. గుండె నిండా గాలి పీల్చి మొహం ముంచి, ముక్కుతో మెల్లిగా బుడగలు వదలండి. నోటితో కాదు, ముక్కుతో. ఇరవైసార్లు. దగ్గొస్తే ఆపి, నన్ను తిట్టుకుని, మళ్ళీ మొదలెట్టండి. నాలుగు రోజులు ఇదే పని.

తర్వాత, కదలని నీళ్ళు నడుము లోతు ఉన్నచోట, పక్కన మేస్త్రమ్మ ఉండగా మాత్రమే, వెల్లకిలా పడుకోండి. అందరూ చేసే తప్పు ఒకటుంది. కాళ్ళు మునిగిపోతున్నాయని తల ఎత్తి చూసుకుంటారు. తల ఎత్తారు కాబట్టే కాళ్ళు మునుగుతాయి. చెవుల్లోకి నీళ్ళు పోతాయి, పోనివ్వండి. గడ్డం పైకి. పొట్ట పైకి. మా బ్యాచ్ వాళ్ళకి నేను చెప్పే మాట ఒకటే, తలని నీళ్ళకి ఇచ్చేయండి. మీకు అన్నిటికన్నా కష్టం అదే. మీ తల మీరు ఎవరికీ ఇచ్చే రకం కాదు.

తొందరపడకండి. పోటీలకి ఇంకా ఏడు వారాలుంది.

మీ కోడలు


షెడ్డు
ఆదివారం

గురువుగారూ!

బేసిన్ కథ ముందు. షెడ్డులో చేతులు కడుక్కునే బేసిన్లో మొహం పెట్టి బుడగలు వదులుతున్నానా, పద్నాలుగో బుడగ దగ్గర వెనకనుంచి ఎవరో నా జుట్టు పట్టుకుని లాగారు. మేస్త్రమ్మ! కళ్ళు తిరిగి పడిపోయాననుకుందట. ఇన్నాళ్ళలో ఆవిడ మొహంలో కంగారు చూడ్డం అదే మొదలు. సంగతి చెప్పాక గోడకి ఆనుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అప్పట్నుంచి నాతో మాట్లాడుతోంది. చాలానే మాట్లాడుతోంది.

ఇక తేలడం. సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఇక్కడ రాళ్ళ మధ్య మడుగు మిగులుతుంది, అల రాదు. ఆవిడ చెయ్యి నా మెడ కింద. నువ్వు చెప్పినట్టే తల ఎత్తాను, నువ్వు చెప్పినట్టే మునిగాను. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు విసుగొచ్చి, పోతే పోయిందిలే అని తల వదిలేశా. కాసేపయ్యాక "చెయ్యి తియ్యకండి" అన్నాను. ఆవిడ గొంతు దూరంగా వినిపించింది: "తీసి చాలాసేపైంది."

ఎంత సంతోషంగా ఉందో నీకెలా చెప్పను! ముసలిదాన్ని పట్టుకుని నీళ్ళు మోశాయే! గదికొచ్చి అద్దంలో చూసుకుంటే మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. మీ మామయ్య ఉంటే నమ్మేవారు కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. వచ్చే వారం బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి అలలు దాటించి లోపలికి తీసుకెళ్తానంటోంది. అల ఎదురుగా మీదకొస్తే ఏం చెయ్యాలి? ఊపిరి ఎప్పుడు పట్టాలి? కళ్ళు మూయాలా తెరవాలా? ఆవిణ్ణి అడిగితే "వెళ్ళాలి, అంతే" అంటోంది. చిన్నప్పట్నుంచీ పొద్దున్నే చేస్తున్న పని కదా, ఆవిడకి చెప్పడం రాదు. నువ్వు చెబితేనే నాకు ధైర్యం. అరటిపండు ఒలిచినట్టు రాయి. ఉత్తరం వచ్చాకే దిగుతా.

అత్తయ్య


ఈతకొలను
శనివారం

అత్తయ్యా,

పన్నెండు రోజులు ఆలస్యం చేశాను. మూడుసార్లు రాసి చింపేశాను. ఒకటి చాలా బాగా వచ్చింది, పుస్తకంలో చూసి రాశాను. మడతపెట్టి కవర్లో కూడా పెట్టాను. మీరు నా ఉత్తరం నమ్ముకుని నీళ్ళలోకి దిగుతారని గుర్తొచ్చి దాన్నీ చింపేశాను.

అలొస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

పద్నాలుగేళ్ళప్పుడు సముద్రంలో ఈత పోటీకి తీసుకెళ్ళారు. కొలనులో నన్ను మించినవాళ్ళు లేరు మా జట్టులో. ఈల వేశారు, దూకాం, మొదటి అల వచ్చి మొహం మీద కొట్టింది. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. వెనక్కి తిరిగి ఒడ్డుకి వచ్చేశాను. కాలు పట్టేసిందని కోచ్‌తో అబద్ధం చెప్పాను, మా అమ్మతోనూ అదే చెప్పాను. అప్పటినుంచీ ఇరవై రెండేళ్ళుగా నేను సముద్రంలో కాలు పెట్టలేదు. నేను పాఠాలు చెప్పే నీళ్ళకి నాలుగు వైపులా గోడలుంటాయి అత్తయ్యా. పెళ్ళైన కొత్తలో మీ అబ్బాయి సముద్రం చూద్దాం అన్నారు. సెలవు దొరకలేదన్నాను. ఏటా అంటున్నారు, ఏటా దొరకడం లేదు.

ఈ మాట ఆయనకి కూడా తెలియదు. గురువుగారూ అని రాశారు చూడండి, అది చదివి సిగ్గుతో చచ్చిపోయాను.

మేస్త్రమ్మ మాటే వినండి. నా మాట కాదు.

కోడలు


షెడ్డు
బుధవారం సాయంత్రం

పిచ్చిపిల్లా,

నా మెడ నీళ్ళ మీద నిలబెట్టింది ఎవరు? మీ అమ్మమ్మా? గురువుగారూ అనే అంటాను, ఏం చేసుకుంటావో చేసుకో. నాకు అబద్ధం రాయకుండా కవరు చింపావు చూడు, అప్పుడే నా కడుపు నిండిపోయింది. ఆ ఉత్తరం పట్టుకుని దిగి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది కానీ, నిన్ను ఏమీ అనబుద్ధి కావడం లేదు.

దిగాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే దిగాను. మొదటి అలకి ఉప్పునీళ్ళు అరలీటరు తాగా. రెండోదానికి "మొహం బోర్డుకి ఆనించి గట్టిగా పట్టుకోండి" అని అరిచింది మేస్త్రమ్మ, పట్టుకున్నా, నా మీంచి వెళ్ళిపోయింది. మూడోదానికి దేవుడా అనడానికి కూడా తీరిక లేదు. తర్వాత ఒక్కసారిగా సద్దుమణిగింది. అలలు విరిగే చోటు దాటాక అక్కడంతా నెమ్మది. బోర్డుల మీద కాళ్ళు వేలాడేసుకుని అందరూ కూర్చుని ఉన్నారు, బస్సు కోసం చూస్తున్నట్టు. డాక్టరు నమస్కారం పెట్టాడు.

ఒడ్డుకి తిరిగొస్తూ సగం దారిలో మేస్త్రమ్మ ఆపి, వెనక్కి చూడండి అంది. చూశా. అమ్మాయ్, లేచింది. నేను బోర్డు మీద బోర్లా ఉన్నాను కదా, నా కళ్ళు నీళ్ళకి జానెడు పైన. అక్కడ్నుంచి చూస్తే ఆకాశం లేదు! సూర్యుడు లేడు, పక్షుల్లేవు. అడుగున నల్లటి పచ్చ, మధ్యలో పాచి రంగు, పైన అంచు దగ్గర వెలుగు దూరి సీసా పెంకు రంగు. అంతే. ప్రపంచమంతా అదే. గుండె జారిపోయింది. అంత భయంలోనూ నా బుర్ర ఏం చేస్తోందనుకున్నావ్? ఆ సీసా పెంకు రంగులో పసుపు ఎంత కలపాలా అని లెక్కేస్తోంది! ఆపైన ఆ అల నన్ను ఒడ్డున ఇసుకలో ముద్దలా పడేసింది. మోచెయ్యి గీరుకుపోయింది. వాడికి చెప్పకు.

తడి బట్టలతోనే నిచ్చెనెక్కి, వెడల్పు కుంచెతో ఆకాశం మొత్తం కొట్టేశా. సూర్యుడు పోయాడు, పక్షులు పోయాయి. చూసినవాళ్ళకి మతి పోయింది. పోటీలకి ఇరవై రోజులుంది, గోడంతా మళ్ళీ సుద్ద గీతలు కొట్టుకుని మొదలెట్టా. ఈసారి అల గోడ పైఅంచు దాకా ఉంటుంది. ఇంకేమీ ఉండదు. నచ్చకపోతే ఫ్లెక్సు కట్టుకోమను. నేను చూసింది ఇదే.

పోటీల రోజు నువ్వు రా. వాడికెలాగూ సెలవు దొరకదు. నువ్వు నీళ్ళలోకి దిగక్కర్లేదు, నేనూ అడగను. గోడ చూసి వెళ్ళు.

మీ అత్తయ్య


ఇల్లు
మంగళవారం

అత్తయ్యా,

క్షేమంగా చేరాను. దారంతా బుగ్గలు మండాయి, ఎండకో సిగ్గుకో తెలియలేదు.

నిన్న కాక మొన్న అంతమందిలో మీ పరువు తీశాను. బస్సు దిగి, డాక్టరుగారు టీ చేతిలో పెడితే పట్టుకుని, షెడ్డు మలుపు తిరిగాను. గోడ కనబడింది. నాకు తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేశాను, టీ మొత్తం ఆయన కాళ్ళ మీద పోశాను. అందరూ నవ్వారు, మీరూ నవ్వారు. నేనూ నవ్వి, షెడ్డు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. అది నా అలే అత్తయ్యా. పద్నాలుగేళ్ళప్పటిది. అంతే ఎత్తు, అదే రంగు. నేను ఎవరికీ చెప్పలేకపోయినదాన్ని మీరు పదకొండు అడుగుల గోడ మీద వేసి పెట్టారు.

సాయంత్రం మీరు ఏమీ అడగకుండా చెయ్యి చాపారు చూడండి, అందుకే వచ్చాను. రండి అని ఉంటే వచ్చేదాన్ని కాదు. నడుము లోతు దాకా వెళ్ళాం. నాకు నీళ్ళ గురించి ధైర్యం చెబుతున్నది మీరు! నా జీవితంలో ఇంత వింత ఇంకోటి లేదు. గట్టిగా పట్టుకున్నాను, మీ వేళ్ళు నొప్పి పుట్టి ఉంటాయి.

ఇంటికొచ్చి ఆయనకి అన్నీ చెప్పేశాను. నాదీ, మీదీ. అంతా విన్నారు. తర్వాత "అమ్మ మునిగిపోలేదు కదా?" అన్నారు. మునిగితే ఈ ఉత్తరాలెవరు రాశారండీ అన్నాను. అన్నీ తీసుకుని వరండాలో కూర్చుని చదివారు. కళ్ళు తుడుచుకోవడం చూశాను, చూడనట్టు ఉన్నాను.

ఒక్కటే బెంగ. నేను బయల్దేరేదాకా మేస్త్రమ్మ గోడ గురించి ఒక్క మాట అనలేదు. గోడకి వీపు పెట్టి నిలబడ్డారు రోజంతా, కనీసం తిరిగి చూడలేదు. ఏమైంది? వెంటనే రాయండి.

మీ కోడలు


షెడ్డు
శనివారం పొద్దున్న

కోడలా,

నాకూ నీలాగే అదే బెంగ. పోటీలైపోయాయి, పందిళ్ళు విప్పేశారు, ఆవిడ ఉలుకూ పలుకూ లేకుండా బోర్డు చెక్కుకుంటోంది. నిన్న ఉండబట్టలేక వెళ్ళి ముందు నిలబడ్డా. ఉంచుతారా, సున్నం కొడతారా, ఏదో ఒకటి తేల్చండి అన్నాను.

చేతిలో పని ఆపి చెప్పింది. ఆవిడ గోడ చూడాల్సిన పని లేదట, రోజూ దాని ముందే ఉంది కదా. చూసేవాళ్ళ మొహాలు చూడ్డానికి అటు తిరిగి నిలబడిందట. పొద్దుట్నుంచీ అందరూ వస్తున్నారు, బావుంది బావుంది అంటున్నారు, ఫోటోలు దిగుతున్నారు. బావుందన్న మాట పెళ్ళి భోజనానికి కూడా అంటారు కదా అని ఆవిడ అనుమానం. అప్పుడు నువ్వొచ్చావు.

"మీ కోడలు వెనక్కి అడుగేసింది. నాకు చాలు" అంది. అని, వచ్చే నెలకి ఏ రంగులు తెప్పించాలో చీటీ రాయమంది.

నా పరువు తీశానని రాశావు. నా గోడ నిలబెట్టింది నువ్వే తల్లీ. నవ్వినందుకు నన్ను క్షమించు, ఆ డాక్టరు గెంతిన గెంతుడికి ఆపుకోలేకపోయా.

ఇది ముందు నీకే చెబుతున్నా, వాడికి రేపు నేనే చెబుతాను. నేను ఇక్కడే ఉండిపోతా. మీరిద్దరూ ఎదురుగా లేకుండా అన్నం ముందు కూర్చుంటే కొన్నాళ్ళు ముద్ద దిగదు, నాకు తెలుసు. మీ మీద బెంగ పెట్టుకుంటా, పెట్టుకునే ఉంటా. నా మంచం మీద బట్టలు మడతపెట్టుకో, వాడు అరిస్తే నేను చెప్పానని చెప్పు. పొద్దున లేవగానే ఆరు బోర్డులు గోడకి ఆనించి ఉన్నాయి, అన్నీ నా కోసం. ఏడవకు.

రెండో శనివారం సెలవు పెట్టి వాణ్ణి కూడా తీసుకురా. వాడు ఒడ్డున కూర్చుని తువ్వాళ్ళు పట్టుకుంటాడు. మనిద్దరం దిగుదాం. ఈసారి నడుము లోతు కాదు, మెడ లోతు.

అత్తయ్య